మన పెరట్లో పరదేశి

పెరట్లో గుంటూరు సన్నాలు, బ్యాడిగి, బజ్జీ మిరప పక్కపక్కనే పెంచుకుంటున్నాం. ఒకటి కారానికి, ఒకటి రంగుకు, ఒకటి బజ్జీలకు. అన్నీ మనవే అనుకుంటాం. కానీ మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. 1498 తర్వాత పోర్చుగీసు ఓడల్లో ఇక్కడికి చేరింది. మన చంద్రగిరిని ఏలిన సాళువ నరసింహరాయలు 1491లోనే కన్నుమూశాడు. ఆయనకు తెలిసింది మిరియాల కారమే.

వచ్చిన గింజను మన మట్టి కులమడగలేదు, చోటిచ్చింది. అందుకే ఈరోజు సంగటిలోకి ఊరిబిండి ఉంది. మరి సంఘానికి కొత్తగా వచ్చినవాళ్లను ‘ఎవరి తాలూకు?’ అని మనమెందుకు అడగాలి? దేవుడు పిలిచినవాళ్లకు మన దగ్గర వేరే పరీక్ష ఉండకూడదు. ఈ ఆదివారం వెనక వరసలో ఒంటరిగా కూర్చున్నవాళ్ల పక్కన కూర్చుందాం.