ఋతువులును రక్తపుపోటును



ఇటీవల పాతపంచాంగముల దుమ్ము దులుపుచుండగా నొకదాని యంచున మా చేవ్రాత కంటబడినది. వైశాఖమాసపు పుటలో "అత్తగారికి 124/76. మాత్రలు మానిపించితిమి" అని యుత్సాహముతో వ్రాసికొన్నాము. పుష్యమాసపు పుటలో 186/104 అను అంకెలు మాత్రమే యున్నవి. ఆ రెండు పుటల నడుమ మేము చేసిన పొరపాటు మఱియొక యింట జరుగకుండుటకై నేడు మీతో చెప్పుకొనదలచితిమి.

మా అత్తగారు డెబ్బదియేండ్లు దాటినవారు. రక్తపుపోటునకు చిరకాలముగా మాత్రలు వాడుచుండిరి. ఆ యేటి యెండలలో మూడుమారులు చూచినను పోటు చక్కగానే యుండెను. "రోగము కుదిరినది, ఇక మందేల?" అని తలచి, వైద్యు నడుగకయే మానిపించితిమి. వానకాలము సుఖముగా గడచినది. ధనుర్మాసము వచ్చినది. తెల్లవారుజామున చన్నీళ్లు తలపై పోసికొని, తడిబట్టతోనే తులసికోటకడ దీపము పెట్టుట యామె నియమము. ఒకనాడు తల తిరుగుచున్నదని గోడ పట్టుకొని కూలబడిరి. "మందు మానుమన్న దెవరు?" అని వైద్యుడు ప్రశ్నింపగా మేము తలవంచుకొంటిమి. దైవానుగ్రహమున పక్షవాతము రాలేదు.

జరిగిన దేమనగా: చలి తగిలినప్పుడు దేహము తన వేడిని కాపాడుకొనుటకై చర్మమునందలి సన్నని రక్తనాళములను ముడుచుకొనును. మార్గ మిరుకగుటచే పోటు హెచ్చును. ఎండకాలమున నా నాళములే విప్పారును, చెమటతో నీరును ఉప్పును వెలికి పోవును, పోటు తగ్గును. వైశాఖమున మేము చూచి సంతసించిన అంకె కొంత మాత్రల ఫలము, కొంత యెండల ఫలము. రోగము మాత్రము కుదురలేదు.

ఫ్రాన్సుదేశమున బోర్డో, డిజోన్, మోంపెల్లియే నగరములలో అఱువదియైదేండ్లును, అంతకు పైబడినవారును 8,801 మందిని పరీక్షించి, 2009లో వైద్యులు ఫలితములు ప్రకటించిరి. పోటు యొక్క పైయంకె వేసవిలోకంటె చలికాలమున సగటున 5 హెచ్చుగా నుండెను. మనది చలిదేశము కాదు గదా యని కొందరనవచ్చును. కాని మన యిండ్లను వెచ్చజేయు నేర్పాటులు లేవు. పుష్యమాసపు వేకువను గచ్చుమీద వట్టికాళ్లతో నడచు ముసలివారికి చలి చలియే. లంబసింగివంటి మన్యపు గ్రామములలో నున్నవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

చరకసంహిత సూత్రస్థానమున ఆఱవ యధ్యాయము ఋతుచర్యకే కేటాయింపబడినది. మేము పుట్టింట తండ్రిగారికడ దానిని చదివినవారమే. కాలమునుబట్టి యాహారవిహారములు మార్చుకొనవలెనని నేర్చియు, మాత్రలకడ కాలమును మఱచితిమి!

వేసవిలో నింకొక యపాయము గలదు. చలికాలమున సరిపోయిన మందే రోహిణీకార్తెలో కొందరికి ఎక్కువ కావచ్చును. మూత్రము జారీచేయు మాత్రలు వాడువారు చటుక్కున లేచి నిలువబడగా కన్నులు చీకట్లు క్రమ్మి పడుదురు. అట్టివారు మెల్లగా లేవవలెను. నీరు, ఉప్పు ఎంత పుచ్చుకొనవలయునో, ముఖ్యముగా గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు, వైద్యునే యడుగవలెను. మందు తగ్గించుటయు, పెంచుటయు నాయన పని. మన పని కాదు.

మన పని యేమనగా, వారమున కొకనాడు ఒకే వేళకు పోటు చూచి వ్రాసిపెట్టుట. కాఫీ త్రాగిన యరగంటలోపల చూడరాదు. వీపు ఆనించి, పాదములు నేల మోపి, చేయి గుండె యెత్తున నుంచి, అయిదు నిమిషములు మౌనముగా కూర్చుండిన పిమ్మట చూడవలెను. ఋతువు మాఱునప్పుడు ఆ కాగితమును వైద్యునకు చూపవలెను. చలిదినములలో పెద్దలకు గోరువెచ్చని నీళ్లు తోడి, పొడిబట్ట, శాలువ అందీయవలెను. సంక్రాంతి పేరిట అప్పడములు, ఊరుగాయలు మితిమీఱనీయరాదు. మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను గృహవైద్యములతో కాలము పుచ్చక, తక్షణమే 108కు కబురంపి ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

వేడినీళ్లకు మా అత్తగారు తొలుత నొప్పుకొనలేదు. నియమభంగమని నొచ్చుకొనిరి. "అమ్మా, తులసమ్మకు దీపము పెట్టువారు చల్లగా నుండవలెను గాని, నీళ్లు చల్లగా నుండనక్కఱలేదు" అని మావారు నచ్చజెప్పగా నవ్వి యంగీకరించిరి. ఇప్పు డామె మాత్ర తప్పుట లేదు. మా పంచాంగపు అంచులలో వారమువారము అంకెలు పడుచున్నవి. మీ యింటి పంచాంగపు అంచులును ఖాళీగానే యుండును గదా!