క్యాన్సిల్ కొడితే గోడ కట్టేస్తారా?

"జనం చదవరండీ, ఏది కనబడితే అది నొక్కేస్తారు." మా సాఫ్టువేరు వాళ్ళు నలుగురు కూడిన చోట తప్పకుండా వినబడే మాట ఇది. కంప్యూటరు భద్రత సంగతి రాగానే తప్పంతా వాడేవాళ్ళ నెత్తిన రుద్దేసి చేతులు దులుపుకుంటారు. నాకైతే ఒళ్ళు మండుతుంది. చదివితే మాత్రం ఏం అర్థమవుతుందని చదువుతారండీ? ఫైర్‌వాల్ అడిగే ప్రశ్న మీరే ఒకసారి చదివి చూడండి.

విండోస్‌లో ఏదన్నా కొత్త ప్రోగ్రాము బయటినుంచి వచ్చే కనెక్షన్ల కోసం తలుపు దగ్గర కూర్చోగానే ఒక పెట్టె ఊడిపడుతుంది. ఈ యాప్‌లోని కొన్ని సదుపాయాల్ని ఫైర్‌వాల్ ఆపేసింది అంటుంది. ఏ సదుపాయాలు? చెప్పదు. లోపలికి రావాలనుకునేది ఎవరు? అదీ చెప్పదు. పోనీ ప్రోగ్రాము పేరన్నా సరిగ్గా ఉంటుందా అంటే, అది జావాలో రాసిందైతే అసలు పేరు బదులు 'జావా ప్లాట్‌ఫాం ఎస్ఈ బైనరీ' అని వస్తుంది. (ఆ పేరు చూసి "ఓహో, మన బిల్లుల ప్రోగ్రామే" అని గుర్తుపట్టిన షావుకారు ఎవరైనా ఉంటే ఆయనకి నా దండం.) కిందేమో ప్రైవేటు నెట్‌వర్కు, పబ్లిక్ నెట్‌వర్కు అని రెండు గడులు. మన కొట్లో మనం డబ్బు కట్టి పెట్టించుకున్న వైఫై పబ్లిక్కా, ప్రైవేటా? మన సొంతమే కదా, ప్రైవేటు అనుకుంటాడు ఎవడైనా. విండోస్ మాత్రం కొత్త నెట్‌వర్కుని చాలాసార్లు పబ్లిక్ కిందే రాసుకుంటుంది. అంటే సరైన గడిలో టిక్కు పెట్టినా పని జరగదన్నమాట!

ఇదంతా ఒక ఎత్తు, ఆ క్యాన్సిల్ మీట ఒక్కటీ ఒక ఎత్తు.

అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి కొట్టు అనుకోండి. రెండు కంప్యూటర్లు. లెక్కల ప్రోగ్రాము ఒకదాంట్లో ఉంటుంది, రెండోదాంట్లోంచి గుమాస్తా బిల్లులు కొడతాడు. మొదటి కంప్యూటర్లో ఈ పెట్టె వచ్చింది. తెలియని కాగితం మీద సంతకం పెట్టొద్దని చిన్నప్పటినుంచీ పెద్దలు చెప్పిన మాట. అందుకని అక్కడున్నవాడు బుద్ధిగా క్యాన్సిల్ కొట్టాడు. మిగతా కిటికీలన్నింట్లో క్యాన్సిల్ అంటే అర్థం ఒకటే: ఏమీ మార్చకు, ఎక్కడిదక్కడ వదిలెయ్. ఇక్కడ అలా కాదు. క్యాన్సిల్ కొడితే ఆ ప్రోగ్రాముని అడ్డుకోమని విండోస్ మామూలుగా రెండు నిషేధాలు రాసేస్తుంది, టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి. ఇక మళ్ళీ అడగదు. ఇది నా ఊహ కాదు, మైక్రోసాఫ్ట్ వాళ్ళ పత్రాల్లోనే రాసి ఉంది. ఇంకా విచిత్రం, ఆ కూర్చున్నవాడికి అడ్మిన్ హక్కులు లేకపోతే అసలు పెట్టే రాదు. చాలావరకు చప్పుడు చెయ్యకుండా నిషేధం పడిపోతుంది.

ఇప్పుడు రెండో కంప్యూటర్లో 'కనెక్ట్ అవ్వలేదు' అని వస్తుంది. అడ్డుకున్నది ఫైర్‌వాల్ అని అక్కడ ఒక్క ముక్క ఉండదు. కేబులు పీకి పెడతారు, రూటరు ఆపి వేస్తారు. చివరికి అమలాపురం నుంచి మెకానిక్ వస్తాడు. తెలివైనవాడే, ఫైర్‌వాల్‌లోకి వెళ్ళి అనుమతి రూలు కూడా రాస్తాడు. అయినా పనిచెయ్యదు. ఎందుకంటే అనుమతీ నిషేధమూ రెండూ ఉంటే నిషేధానిదే గెలుపు. ఆ పాత రూలు వందల రూళ్ళ జాబితాలో ఎక్కడో పడి ఉంది. మెకానిక్ ఏం చేస్తాడు? ఫైర్‌వాల్ మొత్తం ఆపేస్తాడు. వెంటనే బిల్లు వచ్చేస్తుంది! "ఆయ్, ఇదేనండీ అడ్డం" అని డబ్బులు తీసుకుని వెళ్ళిపోతాడు. ఆ రోజునుంచీ ఆ కొట్లో ఫైర్‌వాల్ లేదు.

ఆ గోడ ఊరికే కట్టలేదు మరి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ పురుగు ప్రపంచమంతా పాకాక, 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ ముందునుంచే ఆన్ అయి ఉండటం మొదలైంది. 2017 మేలో వాన్నాక్రై కూడా ఫైళ్ళు పంచుకునే 445 పోర్టు గుండానే మిషన్ నుంచి మిషన్‌కి దూకింది. అప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి.

ఈ ప్రశ్నల పిచ్చి కొత్తదేం కాదు. నాకు అక్షరాభ్యాసం అయ్యే రోజుల్లోనే జోన్‌అలారం అని ఒకటుండేది. ఇంటర్నెట్‌కి పోతానన్న ప్రతి ప్రోగ్రాము గురించీ, ఆఖరికి విండోస్ సొంత పనిముట్ల గురించి కూడా, పోనివ్వనా వద్దా అని అడిగేది. తర్వాత 2007లో విస్టా వచ్చి తెరంతా చీకటి చేసి మరీ అడిగింది. అది జనానికి చిరాకు తెప్పించడానికే పెట్టామని 2008లో మైక్రోసాఫ్ట్ మేనేజరు ఒకాయన పబ్లిగ్గా చెప్పాడు (ఆ చిరాకు చూసి సాఫ్టువేరు కంపెనీలు దారికొస్తాయని ఆయన లెక్క). 2009లో విండోస్ 7కి వచ్చేసరికి ఆ గోల తగ్గించాల్సి వచ్చింది.

హెచ్చరిక ఎలా ఉండాలో మా గోదారోళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడే. మొదటిది వినగానే లంకల్లో పశువుల్ని గట్టుకి తోలాలా, పడవ చూసుకోవాలా అని ఆలోచన మొదలవుతుంది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 2022 జులైలో మూడోదీ ఎగిరింది, జనం సర్దుకుని బయటికొచ్చారు. అంతేగానీ, బ్యారేజీకున్న 175 గేట్లలో ఎన్ని ఎత్తమంటారు అని లంక రైతుని ఏ ఇంజినీరూ అడగడు! ఫైర్‌వాల్ పెట్టె అడుగుతున్నది సరిగ్గా అదే.

"మిషన్ వాడిది, నిర్ణయం కూడా వాడిదే ఉండాలి కదా" అంటారు కొందరు. ఉండాలి, కాదనను. ప్రతి కనెక్షనూ తనే చూసుకోవాలనుకునేవాళ్ళకి మ్యాక్‌లో లిటిల్ స్నిచ్ లాంటివి ఉన్నాయి, కొనుక్కుంటారు. కొబ్బరి వ్యాపారి అలాంటిదేమీ అడగలేదే! ఆయన నిర్ణయం లెక్కల ప్రోగ్రాము పెట్టించుకున్న రోజునే అయిపోయింది. ఆ రోజు ఇన్‌స్టాలరుకి అడ్మిన్ హక్కులు కూడా ఇచ్చాడు. ఆ ఇన్‌స్టాలరే తనకి కావలసిన రూలు రాసేసుకుంటే పెట్టె రావలసిన పనే ఉండదు. అలాగే చెయ్యమని మైక్రోసాఫ్టూ చెబుతుంది. ఒక్క కమాండు పని. అది రాయడానికి బద్ధకించేవాళ్ళే జనం చదవరని ఉపన్యాసాలిస్తారు.

2011లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ హెచ్చరికల్నే గోడ, తాళం వేసిన తలుపు, దొంగ బొమ్మలతో వేసి జనానికి చూపించారు. అపాయం ఎంతో వాళ్ళకి మామూలు వాటికన్నా బాగా అర్థమైందట. జనం మారలేదు, పెట్టె మారిందంతే.

సరే, ఇవన్నీ మారేలోగా మీ కొట్లోనో ఇంట్లోనో ఇలాంటి గొడవుంటే ఫైర్‌వాల్ మాత్రం ఆపకండి. స్టార్ట్ నొక్కి డబ్ల్యూఎఫ్ డాట్ ఎంఎస్‌సీ అని కొట్టండి. ఎడమవైపు ఇన్‌బౌండ్ రూల్స్ తెరిచి, యాక్షన్ అన్న వరుస మీద నొక్కితే నిషేధాలన్నీ ఒకచోటికి వస్తాయి, పక్కన ఎర్ర గుర్తు ఉంటుంది. మీ ప్రోగ్రాము పేరుతో ఉన్న రెండూ తీసేసి, ప్రోగ్రాము మూసి మళ్ళీ తెరవండి. పెట్టె మళ్ళీ వస్తుంది. ఈసారి రెండు గడుల్లో ఏది పెట్టాలో తెలియకపోతే సెట్టింగ్స్‌లో మీ వైఫైని ప్రైవేటుగా మార్చుకుని అప్పుడు ప్రైవేటుకి టిక్కు పెట్టి అలౌ కొట్టండి.