నష్టపట్టికలో వాద్యానికి చోటేది?

2021 నవంబరు 18, 19 తేదీల్లో కురిసిన వాన రాష్ట్రాల సరిహద్దులు చూసుకోలేదు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఇటు ఆంధ్రప్రదేశ్‌లో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను తెంచి, చెయ్యేటి ఒడ్డున పులపుత్తూరు, తొగురుపేట, మందపల్లి గ్రామాలను ముంచింది. అటు తమిళనాడులోని వేలూరు జిల్లా పేర్ణాంబట్టులో 19న తెల్లవారుజామున ఇల్లు కూలి తొమ్మిది మంది చనిపోయారు. వారిలో నలుగురు పిల్లలు. చిత్తూరు జిల్లాలో పుట్టిన కౌండిన్య నది మోర్దానా జలాశయాన్ని నింపి, పొర్లి, గుడియాత్తం పట్టణంలోకి ఉరికింది. పొన్నై నీళ్లు కూడా కలిసిన పాలారు వాలాజా ఆనకట్ట దగ్గర లక్ష క్యూసెక్కులు దాటింది.

వరద తగ్గాక రెవెన్యూ సిబ్బంది నష్టాల పట్టిక పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. ఏం పోతే ఎంత ఇవ్వాలో కేంద్ర హోంశాఖ ముందే నిర్ణయించి ఉంచుతుంది. 2022-23 నుంచి 2025-26 వరకు రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధికి వర్తించేలా అది ఇచ్చిన నిబంధనల్లో పాడి గేదెకు 37,500 రూపాయలు ఉంది. కుటుంబానికి బట్టల కింద 2,500, గిన్నెలు, ఇంటి సామాన్ల కింద మరో 2,500 ఉన్నాయి. చేనేత, హస్తకళల వారి పనిముట్లకు 5,000, పాడైన ముడిసరుకుకు ఇంకో 5,000 ఉన్నాయి. మత్స్యకారుల పడవలకు, వలలకు విడిగా పద్దులున్నాయి. డోలుకు లేదు. సన్నాయికి, పంబకు, పలకకు, వయొలిన్‌కు లేదు. లుంగీల నేతకు పేరుపడ్డ గుడియాత్తంలో మగ్గం తడిస్తే రాసుకోవడానికి ఒక గడి ఉంది. అదే వీధిలో డోలు తడిస్తే లేదు.

ఈ లోటు వెనుక ఒక భావన ఉంది. ముందు ఇల్లు, పొలం, బడి బాగుపడాలి. పాటా మేళమూ ఆ తర్వాత చూసుకోవచ్చు అన్నది ఆ భావన. వేలూరు, గుడియాత్తం ప్రాంతపు యువ మేళాల జీవితాన్ని దగ్గరగా చూస్తే ఇది ఎంత పొరపాటో తెలుస్తుంది. విపత్తు తర్వాత పిల్లల వాద్యబృందం మళ్లీ సాధనకు కూర్చోవడం పునరావాసంలో భాగం. దానికి డబ్బు, గడువు, బాధ్యుడు ఉండాలి.

ఇక్కడి క్యాలెండర్‌నే చూడండి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ వెంటనే ధనుర్మాసపు భజనలు, సంక్రాంతి. తర్వాత ఎండాకాలంలో అమ్మవారి జాతరలు. గుడియాత్తం గోపాలపురంలో కౌండిన్య ఒడ్డున ఉన్న గంగమ్మ గుడిలో ఏటా మే నెల నడుమ, తమిళ వైకాశి మొదటి రోజున, శిరసు జాతర జరుగుతుంది. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి శిరస్సును ఊరేగించి తెచ్చి మొండేనికి అమరుస్తారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మకూ ఆ రోజుల్లోనే జాతర. కాబట్టి నవంబరులో వరద వస్తే, ఏడాది సంపాదనలో ప్రధాన భాగం తెచ్చే జాతరల నాటికి ఆరు నెలల వ్యవధి ఉంటుంది. తడిసిన వాద్యాన్ని బాగు చేయించడానికి, కొత్తది సమకూర్చడానికి, చెదిరిన బృందాన్ని మళ్లీ కూర్చడానికి ఆ ఆరు నెలలే గడువు. 2021లో పరిస్థితి ఇంకా కఠినం. కరోనా లాక్‌డౌన్ 2020 మేనూ, 2021 మేనూ మింగేసింది. ఆ రెండు సీజన్లూ పోయి, మూడోదాని మీద ఆశ పెట్టుకున్న సమయంలో నీళ్లు వచ్చాయి.

మేళంలో నేర్చుకునే తీరు వల్ల ఒక్క సీజన్ పోవడం కూడా చిన్న నష్టం కాదు. కుర్రాడు మొదట తాళాలు పట్టుకుంటాడు. శ్రుతి పట్టి పెద్దల వెనుక నడుస్తాడు. నాలుగు ఊరేగింపులు తిరిగాక డోలు భుజానికెత్తుకుంటాడు. రాత్రంతా సాగే ఊరేగింపే వాడి తరగతి గది. అది ఆగిన ఏడాది వాడికి చదువు ఆగిన ఏడాదే. పైగా ఈ ప్రాంతంలో పక్కనే అగ్గిపెట్టెల కర్మాగారాలు, బీడీ పని, ఆంబూరు, పేర్ణాంబట్టుల్లో తోళ్ల శుద్ధి, చెప్పుల పరిశ్రమ ఉన్నాయి. వరదతో అప్పుల పాలైన ఇంట్లో పదహారేళ్ల కుర్రాడు అటు కూలికి వెళ్తే తప్పు పట్టలేం. వాద్యం చేతిలో ఉంటే సెలవు రోజునైనా సాధనకు వస్తాడు. వాద్యమే పోతే రావడానికి కారణమే ఉండదు. తాత్కాలిక విరామం శాశ్వతంగా వదిలేయడమయ్యేది అక్కడే.

వాద్యాలు నీటికి ఎంత తొందరగా చెడతాయో సహాయక సిబ్బందికి తెలియాలి. పనసచెక్కతో చేసిన డోలు, మృదంగం నానితే ఉబ్బుతాయి. గబగబా ఎండలో పెడితే పగుళ్లిస్తాయి. తోలు సాగి, ఎండేటప్పుడు ఒక పక్కకు లాగి చినుగుతుంది. వయొలిన్ అతుకుల జిగురు వదులుతుంది. హార్మోనియం తిత్తి కుళ్లి, ఇత్తడి రీడ్లు చిలుము పడతాయి. సన్నాయి పీక ఒక్కసారి బురదనీళ్లు తాగితే పనికిరాదు. బురదను శుభ్రమైన నీటితో తుడిచి, నీడన నెమ్మదిగా ఆరబెడితే కొన్ని దక్కుతాయి. మొదటి రెండు మూడు రోజుల్లో ఈ మాట చెప్పే మనిషి శిబిరంలో ఉంటే చాలా వాద్యాలు నిలబడతాయి.

ఇది పొరుగు రాష్ట్రపు గొడవ అనుకోవడానికి తెలుగువారికి వీలు లేదు. త్యాగరాజస్వామి కృతులు మనదాకా చేరిన ముఖ్యమైన దారుల్లో ఒకటి ఈ పాలారు ఒడ్డునే ఉంది. ఆయన శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ రాసిపెట్టిన ప్రతులు కృతుల పాఠానికి నేటికీ ప్రధాన ఆధారం. 2004 సంవత్సరానికి సంగీత కళానిధి అందుకున్న మృదంగ విద్వాంసుడు వేలూరు రామభద్రన్ ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా మోశారు. గంగమ్మ జాతరల పంబలు, పలకలు పలమనేరులోనూ గుడియాత్తంలోనూ ఒకే దరువుకు లేస్తాయి. కౌండిన్య మనవైపు పుట్టి అటు పారుతోంది. సంగీతం రెండువైపులా పారింది.

విపత్తు నుంచి లేచిన పిల్లల బృందాలు ప్రపంచంలో ఉన్నాయి. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను న్యూ ఓర్లీన్స్‌ను ముంచాక అక్కడి బడుల బ్యాండ్లు చెల్లాచెదురయ్యాయి. రీబర్త్ బ్రాస్ బ్యాండ్ డ్రమ్మర్ డెరిక్ ట్యాబ్ 2007లో 'రూట్స్ ఆఫ్ మ్యూజిక్' సంస్థను నెలకొల్పారు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు బడి అయ్యాక వాద్యం, శిక్షణ ఉచితం. దాంతోపాటు భోజనం, రానుపోను బస్సు, చదువులో సాయం కూడా ఇచ్చారు. ఇంటికి దూరమైన పిల్లవాడు సాధనకు రావాలంటే డ్రమ్ము ఒక్కటే చాలదని ఆయన గ్రహించారు. జపాన్‌లో 2011 మార్చి 11 సునామీకి గురైన ఫుకుషిమా ప్రాంతపు సోమా పట్టణంలో, మరుసటి ఏడాది ఏర్పడిన 'ఎల్ సిస్టెమా జపాన్' స్థానిక నగరపాలనతో కలిసి పిల్లల ఆర్కెస్ట్రాను నిర్మించింది. హైతీలో 2010 జనవరి 12 భూకంపానికి హోలీ ట్రినిటీ సంగీత పాఠశాల కూలితే, విద్యార్థులు ఆరుబయటే వాయించారు. భవనం లేచేదాకా ఆగలేదు.

మన దగ్గర కళాకారుడికి విపత్తులో ఒకే పాత్ర మిగిలింది, దాత పాత్ర. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగిన తీరు తెలుగువారు మరువలేదు, మరువకూడదు. ఆనాటి నుంచి ప్రతి తుపానుకూ సహాయార్థ ప్రదర్శనలు జరుగుతూనే ఉన్నాయి. అయితే వరదలో తన డోలే పోగొట్టుకున్న కళాకారుడి వంక మన చూపు వెళ్లలేదు. అతనికోసం జోలె పట్టినవారు అరుదు.

ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. తలదాచుకోవడానికి గూడు లేనివాడికి ముందు డోలా, బియ్యమా? బియ్యమే ముందు, సందేహం లేదు. కాని ఈ రెంటికీ పోటీ లేదు. బియ్యం మొదటి వారంలో కావాలి. పైకప్పు కొన్ని నెలల్లో కావాలి. వాద్యం జాతరల సీజన్‌కు ముందు కావాలి. ఒక్కో సాయానికీ ఒక్కో గడువు. పైగా మేళం వాయించే కుటుంబాలు చాలావరకు సమాజం అంచున బతుకుతున్నవే. వారికి డోలు నేతగాడికి మగ్గం లాంటిదే, రేపటి కూలి దాన్నుంచే రావాలి. మగ్గానికి వర్తించిన న్యాయం డోలుకు ఎందుకు వర్తించదు?

మరో సందేహం, ఎవరు నిజమైన వాద్యకారుడో ఎలా తేలుస్తారన్నది. తమిళనాడులో జానపద కళాకారుల సంక్షేమ మండలి ఉంది, దాని దగ్గర నమోదు ఉంది. ఆ జాబితాలో గురువుల దగ్గర నేర్చుకుంటున్న పిల్లలనూ చేర్చి, విపత్తు నిర్వహణ శాఖకు ముందుగానే ఇస్తే చాలు. ఆంధ్రప్రదేశ్ భాషా సాంస్కృతిక శాఖ కూడా ఈ పని చేయగలదు.

చేయాల్సినవి నాలుగు. ఒకటి, నిబంధనల్లో చేనేత, హస్తకళల పక్కనే వాద్యకారులకు పద్దు పెట్టాలి. పనిముట్లకు 2025-26 వరకు పెట్టిన 5,000 రూపాయలు కొత్త డోలు ధరలో చిన్న భాగమే కనుక మొత్తమూ పెంచాలి. రెండు, గుడియాత్తం, పేర్ణాంబట్టు లాంటి నదీతీర పట్టణాల్లో బడి మేడ మీద ఒక గదిని వాద్యాల నిల్వకు కేటాయించాలి. అక్కడ అరువుకిచ్చే డోళ్లు, పంబలు, సన్నాయిలు ఉండాలి. మూడు, బృందం చెదిరిన నెలల్లో నేర్పే గురువుకు నెలసరి భృతి ఇవ్వాలి. పిల్లలను మళ్లీ పోగుచేసేది ఆయనే. నాలుగు, కౌండిన్య, పొన్నై నదుల ఎగువన నీరు వదిలే ముందు చిత్తూరు యంత్రాంగం వేలూరు యంత్రాంగానికి ఇచ్చే హెచ్చరిక తీరప్రాంత వీధుల దాకా చేరాలి. ఒక్క గంట ముందు తెలిసినా మనుషులతో పాటు డోలు కూడా మేడెక్కుతుంది.

పైన చెప్పిన నిబంధనల కాలం 2025-26 వరకే. తర్వాతి ఐదేళ్ల పట్టికలో వాద్యానికి ఒక పద్దు కావాలని ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలు కలిసి కేంద్రాన్ని కోరాలి. గంగమ్మను కొలిచే ఊళ్లన్నిటి తరఫున ఈ కోరిక న్యాయమైనది, ఖర్చు తక్కువది. దీన్ని వాయిదా వేస్తే తర్వాతి వరద తర్వాత మేళం నేర్చుకునే కుర్రాళ్లు ఇంకొందరు తగ్గుతారు. తగ్గినవారిని మళ్లీ పోగుచేయడం కట్ట తెగిన ప్రాజెక్టును తిరిగి కట్టడం కంటే కష్టం.