అమెరికాలో వియత్నామీ యువకుల ముఠాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వచ్చిన వియత్నామీ శరణార్థుల పిల్లలలో కొందరు 1980, 1990 దశకాలలో నేర ముఠాలుగా ఏర్పడ్డారు. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ, న్యూయార్క్ నగరంలోని చైనాటౌన్ వీటికి ముఖ్య స్థావరాలు.

నేపథ్యం

1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనమైన పిమ్మట తొలి విడతలో వచ్చినవారిలో విద్యావంతులు ఎక్కువ. 1978 తరువాత పడవలలో సముద్రం దాటినవారు అంతకంటే పేదలు. తల్లిదండ్రుల తోడు లేని బాలురు కూడా వారిలో ఉన్నారు. ఆంగ్లం రాక బడిలో వెనుకబడిన ఇటువంటి పిల్లలకు ముఠాయే కుటుంబమయింది. న్యూయార్క్‌లో డేవిడ్ థాయ్ నడిపిన "బార్న్ టు కిల్" (చంపుటకే పుట్టినాము) ముఠా వారిని చేరదీసి, తిండి, బస చూపి, దోపిడీలకు పంపేది. ఆ పేరు వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు హెల్మెట్లపై రాసుకున్న నినాదమే కావడం గమనార్హం. 1992లో థాయ్‌కి యావజ్జీవ శిక్ష పడింది.

బాధితులు

ఈ ముఠాలు ఎక్కువగా దోచుకున్నది సొంతవారినే. బ్యాంకులను నమ్మని కుటుంబాలు నగదు, బంగారం ఇంటిలోనే దాచుకునేవి. స్వదేశపు పోలీసులపై ఉన్న అపనమ్మకం, ముఠా పగబడుతుందన్న భయం వలన అనేకులు ఫిర్యాదు చేయలేదు.

కారణాలపై చర్చ

వలస వచ్చినవారి సంస్కృతియే దీనికి మూలమనే వాదన నిలవదు. మిన్ ఝౌ, కార్ల్ బ్యాంక్‌స్టన్ న్యూ ఆర్లియన్స్‌లోని ఒక పేద వియత్నామీ పేటను పరిశీలించి 1998లో గ్రంథం ప్రచురించారు. అదే పేటలో కొందరు పిల్లలు తరగతిలో ప్రథములు, మరికొందరు నేరస్థులు. తమ సమాజంతో గట్టి బంధం ఉన్నవారే చదువులో రాణించారని వారు తేల్చారు.

పోలీసుల తీరు మరొక సమస్య. గార్డెన్ గ్రోవ్‌లో దుస్తులను బట్టి ముఠా సభ్యులుగా అనుమానించి, ఏ నేరమూ చేయని ఆసియా సంతతి పిల్లలకు ఫోటోలు తీశారు. దీనిపై దాఖలైన దావా 1995లో రాజీతో ముగిసింది.