వారానికి ఒక్క ఆట ఇప్పించండి

తెలంగాణ సినిమాటోగ్రఫీ మంత్రిగారికి,

మా అబ్బాయి పెద్దవాడయ్యాడు. ఆస్పర్జర్స్ ఉంది. 2013లో అమెరికా మానసిక వైద్యులు తమ వర్గీకరణలో దీన్ని ఆటిజం స్పెక్ట్రంలో కలిపేశారు. ఏ సినిమా ఎప్పుడు విడుదలైందో, సంగీతం ఎవరిదో అడిగితే వాడు తడుముకోడు. థియేటర్లో మాత్రం పావుగంట కూర్చోలేడు. సినిమా నచ్చక కాదు. చెవులదిరే సౌండు, ఒక్కసారిగా ఆరిపోయే లైట్లు, హీరో రాగానే ఈలలు, కాగితాల వాన, ఎంతకీ తెగని ప్రకటనలు, ఇంటర్వెల్లో పాప్‌కార్న్ దగ్గర తోపులాట అన్నీ కలిసి వాడిమీద పడతాయి. కాసేపు లేచి నడుద్దామంటే వెనకవాళ్లు కసురుతారు. (ఈలలు ఆపించమని అడగడం లేదు. తెలుగు సినిమాకు అవీ కావాలి.)

ఇలాంటివారికి కూడా వినోదంలో సమాన అవకాశం కల్పించాల్సింది ప్రభుత్వమేనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. అమెరికాలో ఏఎంసీ థియేటర్లు సౌండు తగ్గించి, లైట్లు కొంత వెలిగే ఉంచి ప్రత్యేక షోలు వేస్తున్నాయి. అక్కడ లేచి తిరిగినా, పైకి మాట్లాడినా ఎవరూ ఏమీ అనరు. దీనికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు.

జిల్లాకు ఒక్క థియేటర్లోనైనా వారానికో ఉదయం ఆట ఇలా వేయించండి. టికెట్ ధరల మీద జీవోలిచ్చే ప్రభుత్వానికి ఇదేం పెద్ద పని కాదు. టికెట్లు మేమే కొనుక్కుంటాం.

ఇట్లు,
ఒక ప్రేక్షకుడి తల్లి