వేన్నీళ్లకు తగ్గే వాంతులు

ఈ నెల పరీక్షల ముందు ఏకాగ్రత గురించి రాయాల్సింది. అది వచ్చే సంచికకు వాయిదా వేస్తున్నాను.

గంజాయి మాట స్కూలు పత్రికలో ఎందుకని కొందరు పేరెంట్స్ అనుకోవచ్చు. ‘మన పిలకాయలకు లేనిపోనివి నేర్పినట్టవుతుంది మేడమ్’ అని నాతో అన్నవాళ్లూ ఉన్నారు. ఇది పిల్లలకు కాదు, మీకు రాస్తున్నాను. మన ఉదయగిరి, ఆత్మకూరు ఇళ్లలో ఒక బిడ్డ మా క్లాసులో ఉంటే, పెద్దబిడ్డ చెన్నైలోనో బెంగళూరులోనో హాస్టల్లో ఉంటాడు. సెలవులకు వచ్చిన ఆ పిల్లాడు రెండు రోజులు ఆగకుండా వాంతులు చేసుకుంటే ఏమనుకుంటాం? హాస్టల్ తిండి పడలేదనుకుంటాం. వేడి చేసిందని మజ్జిగ ఇస్తాం. దిష్టి తీస్తాం. నాలుగో రోజుకు తగ్గుతుంది, మరిచిపోతాం. రెండు నెలలకు మళ్లీ మొదలు.

ఉదయగిరి వైపు మా దూరపు బంధువుల ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఏడాదిన్నర పాటు ఒక ఆసుపత్రి కాదు, నాలుగు తిరిగారు. సెలైన్లు, ఎండోస్కోపీ, స్కానింగ్, అన్నీ నార్మల్. గ్యాస్ట్రిక్ అని మందులు రాసి పంపారు. ‘మే నెల ఎండల్లో కూడా వీడు గంటకోసారి వేన్నీళ్లు కాయించుకుని పోసుకుంటాడమ్మా, అప్పుడే కాస్త నెమ్మదిస్తుంది’ అని వాళ్లమ్మ ఎవరికో చెబుతుంటే డ్యూటీలో ఉన్న ఒక కుర్ర డాక్టరు విన్నారు. అందరినీ బయటికి పంపి అబ్బాయిని అడిగారు. మూడేళ్లుగా రోజూ గంజాయి.

ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది ఆస్ట్రేలియాలోని అడిలైడ్ కొండ ప్రాంతంలో పనిచేసిన డాక్టర్లు, 2004లో. పేరు కన్నాబినాయిడ్ హైపరెమిసిస్ సిండ్రోమ్. వాళ్లు వివరించిన 10 మందిలో 9 మందికి వాంతులప్పుడు పదేపదే వేడినీళ్ల స్నానం చేసే అలవాటు కనిపించింది. గంజాయి మానేసిన 7 మందికి వాంతులు ఆగిపోయాయి. మానని ముగ్గురికి ఆగలేదు. మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లకు జబ్బూ తిరిగొచ్చింది.

ఇందులో చిక్కేమిటంటే, క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు గంజాయిలోని పదార్థాన్నే కొన్ని దేశాల్లో మందుగా ఇస్తారు. ఫ్రెండ్స్ ఎవరో ఈ సంగతి చెబుతారు. కడుపులో తిప్పుతుంటే ఇంకొంచెం పీలిస్తే తగ్గుతుందని కుర్రాడు నమ్ముతాడు. ఏళ్ల తరబడి వాడిన శరీరంలో అది తిరగబడుతుందని వాడికి తెలియదు. మామూలుగా వాంతులకు ఇచ్చే ఇంజెక్షన్లు దీనికి చాలాసార్లు సరిగ్గా పనిచేయవు. వేన్నీళ్లు కాసేపు ఉపశమనమే గానీ వైద్యం కాదు. ఒంట్లో నీరు, లవణాలు పోయి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం తగ్గిపోతే ఇంట్లో ఉంచకూడదు.

అలాగని వాంతి చేసుకున్న ప్రతి పిల్లాడి బ్యాగు వెతకొద్దు. పచ్చకామెర్లు, అపెండిసైటిస్, మైగ్రేన్, పరీక్షల భయం, కారణాలు బోలెడు. ఈ జబ్బు సాధారణంగా ఏళ్ల తరబడి, దాదాపు రోజూ వాడినవాళ్లకే వస్తుంది. మా తొమ్మిదో తరగతి పిల్లాడు ఇడ్లీ కక్కుకుంటే అది చాలావరకు ఇడ్లీ తప్పే.

మనవైపు అసలు అడ్డంకి డాక్టర్లు కాదు, మనమే అనిపిస్తుంది. డాక్టరు ఏది అడిగినా మంచం పక్కన నిలబడ్డ నాన్న జవాబు చెబుతాడు. ‘మావాడికి అలాంటి అలవాట్లేమీ లేవండీ.’ నాన్న ముందు ఏ పిల్లాడు నోరు విప్పుతాడు? పది నిమిషాలు బయట కూర్చోండి, చాలు. ‘ఊళ్లో తెలిస్తే పరువేం కాను, పోలీసు కేసవుతుందేమో’ అన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఉంది. అలవాటుపడినవాళ్లు తమంతట తాము ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే, వాడకం కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానిపించే సలహాకు 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అమ్మేవాళ్ల గురించి చెప్పాలంటే రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు 1972.

ఇంకో మాట, ఇది మా వృత్తివాళ్లకు కూడా. ఏ స్కూల్లోనైనా, కాలేజీలోనైనా ఇలాంటిది బయటపడితే ముందు టీసీ రాసివ్వడం మీదికే మనసు పోతుంది. పేరు కాపాడుకోవడానికి అది సులువు. టీసీ తీసుకున్న పిల్లాడు మాత్రం ఆ అలవాటుతోనే ఇంకో బస్సెక్కుతాడు. చికిత్సకు పంపి, తిరిగొస్తే సీటు ఉంచాలన్నది నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు నాకు రాయండి.

వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల లిస్టులు ఇచ్చాక ఒక డాక్టరుతో పదిహేను నిమిషాలు మాట్లాడిద్దామని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. సరేనన్నారు. తేదీ డైరీలో రాయించి పంపుతాం. ఈసారి నాన్నలు కూడా రండి.