ఫ్రిజ్‌కు రెండు ధరలు



మన కదిరి ఎండలకు పాలు విరిగిపోతాయి, మధ్యాహ్నం కూర రాత్రికి పాడవుతుంది. కాబట్టి పల్లెల్లో కూడా వేరుశనగ పంట డబ్బు చేతికి రాగానే ఫ్రిజ్ కొనాలనుకుంటున్నారు. అది తప్పు కాదు. అయితే ఫ్రిజ్‌కు రెండు ధరలున్నాయని మరువకండి. ఒకటి అంగడిలో ఒక్కసారి చెల్లించేది. రెండవది కరెంటు బిల్లులో నెలనెలా చెల్లించేది. గోపురం కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలన్న ప్రభువు ఉపమానం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

ఒక లెక్క చూద్దాం. పాత ఫ్రిజ్ 4 వేలకు వస్తుంది, కొత్తది 15 వేలు అనుకోండి. పాతది ఏడాదికి 400 యూనిట్లు, కొత్తది 200 యూనిట్లు కాలిస్తే తేడా 200 యూనిట్లు. యూనిట్ 6 రూపాయల చొప్పున ఏడాదికి 1,200. పదేళ్లకు 12 వేలు. చవకగా దొరికిందనుకున్నదే చివరకు ఖరీదైనదవుతుంది. పైగా వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరుగుతుంది.

మరి మంచిదాన్ని గుర్తించడం ఎలా? 2006లో కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య బ్యూరో నక్షత్రాల లేబుల్‌ను ప్రవేశపెట్టింది. నక్షత్రాలను మాత్రమే లెక్కపెట్టకండి. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో ఆ లేబుల్ మీదే ఉంటుంది. ఆ అంకె చదవండి. ఐదు నక్షత్రాల పెద్ద ఫ్రిజ్ కంటే మూడు నక్షత్రాల చిన్నది తక్కువ కరెంటు కాల్చవచ్చు. లేబుల్ మీది సంవత్సరం కూడా చూడండి. నియమాలను అప్పుడప్పుడు కఠినం చేస్తుంటారు గనుక, ఏనాటివో ఐదు నక్షత్రాలు నేటి ఐదుకు సమానం కావు.

కొన్న తరువాత కూడా జాగ్రత్త అవసరం. ఫ్రిజ్‌ను గోడకు ఆనించి, పొయ్యి పక్కన పెట్టకండి. వేడి గిన్నె చల్లారాకే లోపల ఉంచండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూయండి. అది సులువుగా జారి వస్తే చల్లదనం బయటకు పోతున్నట్టే. ఐసు మందంగా పేరుకోకముందే కరిగించండి.

ఇంకొక మాట. పక్కింట్లో పెద్దది ఉందని వడ్డీకి అప్పు తేవద్దు. నలుగురున్న ఇంటికి చిన్న ఫ్రిజ్ చాలు. నెలనెలా మిగిలే ఆ వంద రూపాయలు పిల్లల నోటుపుస్తకాలకు పనికొస్తాయి.